టవరుకి కాసిన ఖర్జూరాలు

శివనాగరాజు చొక్కా జేబులో సెల్‌ఫోను ఉండేది. మా ఊళ్ళో సిగ్నలు ఉండేది కాదు. అందుచేత ఊరంతా అతన్ని టైమడిగేది.

అతను ఊరికే టైము చెప్పి వదిలేసే మనిషి కాదు. ఫోను బయటికి తీసి, అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచి, "నాలుగూ ఇరవయ్యండి" అని, ఆ పైన "అక్కడ ఒంటిగంటా యాభై" అని కూడా చెప్పేవాడు. అక్కడంటే గల్ఫు. అతని భార్య నాగదుర్గ అక్కడ ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది. ఆ ఫోను ఆవిడే, సెలవుకొచ్చే మనిషి చేత పంపించింది. వాటర్ ట్యాంకు మీదకెక్కితే ఒక గీత సిగ్నలు కనపడుతుందని ఎవరో అంటే ఎక్కాడు. గీత కనపడింది. దిగడమే చేతకాలేదు. నిచ్చెన తెచ్చినవాళ్ళు ముందు టైమడిగి, ఆ తర్వాతే దింపారు.

భార్య మాట వినాలంటే అతను శుక్రవారం మధ్యాహ్నం అంబాజీపేట వెళ్ళి ఎస్టీడీ బూతు దగ్గర కూర్చోవాలి. ఆవిడకి ఆ పూటే ఖాళీ. ఒక శుక్రవారం కొబ్బరికాయల లారీ ఒకటి వంతెన మీద ఇరుసు విరిగి అడ్డంగా ఆగిపోయింది. వెనక బస్సు, బస్సులో శివనాగరాజు. బస్సు దిగి పరిగెత్తాడు గానీ, అతను వెళ్ళేసరికి ఫోను మోగి మోగి ఆగిపోయిందట. ఆ వారమంతా అతను కోతలు కొయ్యలేదు. అతను నోరు మూసుకుంటే ఊరికెంత కష్టమో మాకప్పుడే తెలిసింది. టీకొట్లో బేరం కూడా పడిపోయింది.

రెండువేల మూడులో సెల్‌ఫోను కంపెనీవాళ్ళు మా ఊళ్ళో టవరు పెడతామని వచ్చారు. దానికి నీళ్ళు నిలవని మెరక కావాలి. వరదొచ్చినా మునగని మెరక మా ఊళ్ళో ఒక్కటే, సూర్యకాంతం గారి కొబ్బరితోట. డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో సగంమందికి ఆవిడ ఏదో ఒక వరస అవుతుంది, మిగతా సగం భయంకొద్దీ వరస కలుపుకుంటారు. శివనాగరాజుకి దొడ్డమ్మ.

మొదటిసారి వచ్చిన కంపెనీ కుర్రాళ్ళకి ఆవిడ కాఫీ ఇప్పించబోతే, "ఇప్పుడే తాగొచ్చాం మేడమ్, టైము లేదు" అని అరుగు మీద మ్యాపు పరిచారు. ఆవిడ మ్యాపు వైపు చూసి "చూద్దాంలెండి" అంది. వాళ్ళు హైదరాబాదు వెళ్ళి, ఆవిడ ఒప్పేసుకుందని చెప్పారు. గోదావరి జిల్లాలో ఆ మాటకి అర్థమేమిటో హైదరాబాదులో చెప్పేవాళ్ళు లేరు కాబోలు. ఇనుప కమ్మీల లారీ వచ్చి తోట ముందు నిలబడేసరికి గేటుకి తాళం ఉంది. ఊరి పెద్దలు వెళ్ళి అడిగితే, టవరు నీడ పడితే పిందె రాలిపోతుందట అంది ఆవిడ. ఎవరన్నారండీ అని అడిగే ధైర్యం పెద్దల్లో ఒక్కడికీ లేకపోయింది.

ఈసారి కంపెనీ తరఫున విజయకుమార్ అనే పెద్ద ఉద్యోగి స్వయంగా వచ్చాడు. బస్సు దిగినవాళ్ళని మొదట పలకరించేది శివనాగరాజే కాబట్టి, తన గోడు మొత్తం అతనికే చెప్పుకున్నాడు. ఇవాళ ఆవిడ సరే అనకపోతే టవరు కాలవ అవతలి ఊరికి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి ఈ తోటలు దాటి సిగ్నలు ఇటు రాదు.

శివనాగరాజు జేబు తడుముకున్నాడు. "మీరేం కంగారు పడకండి. ఇలాంటి బేరం నేను గల్ఫులో ఒక దేశం మొత్తానికి చేసేను. ఇదెంతండీ, ఒక తోట. ఒక్కటే మాట, కాఫీ అయ్యేదాకా మీరు టవరనకూడదు."

అతను గల్ఫు వెళ్ళిన మాట నిజమే. మూడేళ్ళకని వెళ్ళాడు. నాట్లప్పుడు వెళ్ళి, కోతలకి వచ్చేశాడు. అప్పట్నుంచీ కోస్తూనే ఉన్నాడు. ఎందుకొచ్చేశావని అడిగితే ఒకసారి ఎండ పడలేదని, ఒకసారి అక్కడి నీళ్ళలో ఉప్పు చాల్లేదని చెప్పేవాడు. వీసాలో మిగిలిన కాలం ఏమైందని అడిగితే టైము చెప్పేవాడు. మరుసటేడు నాగదుర్గ వెళ్ళింది.

వీళ్ళిద్దరూ వెళ్ళేసరికి సూర్యకాంతం గారు వీధరుగు మీద కుర్చీలో ఉంది. ఎదురుగా అంబాజీపేట కొబ్బరి వ్యాపారి అంజిబాబు, కాయల దింపు బేరం కోసం వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వీళ్ళ వెనకాలే వచ్చిన మేం కొందరం అరుగు చివర సర్దుకున్నాం. 

"ఏరా నాగరాజూ, మళ్ళీ ఈ టవరువాళ్ళేనా? ఈసారి నువ్వు తీసుకొచ్చేవా?" అంది ఆవిడ.

"అబ్బెబ్బె, ఈయన కాఫీకొచ్చేరండి దొడ్డమ్మగారూ. మీ ఇంటి కాఫీ గురించి చెప్తుంటే, గల్ఫులో నేను పోసిన కాఫీ గుర్తొచ్చింది."

"గుర్తొచ్చిందీ? మర్చిపోయిందెప్పుడు?" అన్నాడు అంజిబాబు.

ఆవిడ కోడలు అన్నపూర్ణ స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. విజయకుమార్ "మేడమ్, ఆ సైటు..." అనబోయేసరికి శివనాగరాజు అతని కాలు తొక్కి, గొంతు సవరించుకున్నాడు.

"నేను పనిచేసిందండీ, అక్కడ టెలిఫోన్ల ఆఫీసు పెద్దాయన ఇంట్లో. ఇంటి ముందు ఇంత పొడుగు చావిడి, తివాచీలు, గోడల వెంబడి దిండ్లు, వచ్చినవాళ్ళకి కాఫీ పొయ్యడం నా డ్యూటీ. కాఫీ అంటే మనలా పాలూ పంచదారా ఉండవండి, ఏలకులేసి కాస్తారు, పసుప్పచ్చగా ఉంటుంది. కప్పు చిట్టిది, చెవి ఉండదు, అడుక్కి నాలుగు చుక్కలు పోస్తాం. తాగి కప్పు చాపితే మళ్ళీ పోస్తాం. చాలనుకుంటే నోటితో చెప్పరండి, కప్పుని ఇదుగో, ఇలా ఇలా ఊపుతారు. ఊపితే ఆపెయ్యాలి. అదీ అక్కడి మర్యాద."

"నాలుగు చుక్కలేనా?" సూర్యకాంతం గారికి నచ్చలేదు.

"నాలుగేనండి. మొదట్లో నాకే సిగ్గేసింది. సరే, ఒకరోజు మంచుదేశం నుంచి సెల్‌ఫోను కంపెనీవాళ్ళు దిగేరు. ఆ దేశంలో అప్పటికి సెల్లు లేదు, టవరు పెట్టనివ్వరు. బయటివాడు వచ్చి సూది అమ్ముకోవాలన్నా పెద్దాయన మాట ఉండాలి. వీళ్ళేం చేసేరో తెలుసాండీ? కూర్చుంటూనే పెట్టె తెరిచి కాగితాలు తీసేరు. కాఫీ వద్దన్నారు. టైము లేదన్నారు."

విజయకుమార్ తన గ్లాసులోకి చూసుకున్నాడు.

"వద్దన్నారా?" అంది ఆవిడ.

"ఆయ్. పెద్దాయన కోపం చేసుకోలేదండి, చాలా మర్యాదస్తుడు. దేవుడు తలిస్తే అవుతుంది అన్నాడు. తెల్లాయన దాన్ని సరే కింద రాసేసుకుని లేచేడు. గుమ్మం దగ్గర నేను చెయ్యి పట్టుకుని ఆపేను. అయ్యా, మా అంబాజీపేటలో అంజిబాబు గారని ఉన్నారు, కాయకి రేటు పెంచండంటే చూద్దాంలెండి అంటారు, ఆయన చూడగా ఎవరూ చూళ్ళేదు, ఇదీ అలాంటిదే, రేపొచ్చి ముందు కాఫీ తాగండి, కాగితం తియ్యకండి అని చెప్పేను."

"ఏ భాషలో?" అన్నాడు అంజిబాబు.

"అరబ్బీలో మొదలెట్టి ఇంగ్లీషులో దింపేనండి. మర్నాడొచ్చేరు. కాఫీ ఇస్తే తీసుకున్నారు. కానీ కప్పు ఊపాలని నేను చెప్పడం మర్చిపోయేను. తెల్లాయన తాగిన కప్పు తాగినట్టే చాపుతున్నాడు, నేను పోస్తున్నాను, వద్దనడం ఎలాగో ఆయనకి తెలీదు, ఆపడం నాకు తెలీదు. ముప్ఫై నలభై కప్పులకి ఆయన కళ్ళు బత్తాయిల్లా అయ్యేయి. చెవులు వాటంతటవే కదుల్తున్నాయి. మంత్రిగారు ముచ్చటపడిపోయి, ఇంత మర్యాద తెలిసిన పరదేశిని నేను చూళ్ళేదన్నాడు."

"ఇందాక ఆఫీసు పెద్దాయనన్నావు. మంత్రెక్కణ్ణుంచి వచ్చేడు?"

"రాత్రికి రాత్రి ప్రమోషనొచ్చిందండి అంజిబాబు గారూ. మీరలా అడ్డం రాకండి, అసలు ఘట్టం ఇక్కడే ఉంది. మాటలు సాగుతుండగా మంత్రిగారు తన కప్పు ఊపేడు. పెద్దమనిషి కప్పు ఊపేడంటే ఇంక చాలు, లేవండని. వాళ్ళు లేస్తే ఆ దేశంలో టవరు మాటే ఉండదు. ఎక్కడెక్కణ్ణుంచో పనికొచ్చినవాళ్ళు ఇంటికి ఒక మాట మాట్లాడుకోవాలంటే బూతుల ముందు నిలబడ్డమే, ఇక్కడివాళ్ళు ఇక్కడి బూతుల ముందు నిలబడ్డమే. ఆయన కప్పు ఊపేడు. నేను పోసేను."

సూర్యకాంతం గారు గ్లాసు కింద పెట్టి అతని వైపు చూసింది. శివనాగరాజు గమనించలేదు. కథ ఊపందుకుంటే అతనికి ఎదర మనుషులు కనపడరు, ఎదర రాజులు కనపడతారు.

"మళ్ళీ ఊపేడు. మళ్ళీ పోసేను. కప్పు నిండితే తాగకుండా లేవడం వాళ్ళలో లేదు. తెల్లారింది, పొద్దుగూకింది, మళ్ళీ తెల్లారింది. ఎవడికీ నిద్ర లేదు. నిద్ర పట్టక మంత్రిగారు వాళ్ళ తాతగారి నాటి గట్టు తగాదాలన్నీ తీర్చేసేడు. ఊళ్ళో కాఫీ గింజలైపోతే ఓడల్లో తెప్పించేరు. కాస్తున్న వాసన తగిలి ఒంటెలు కూడా పడుకోడం మానేసేయి. ఇదంతా ఏవిట్రా అని రాజుగారే దిగొచ్చేడు."

"దిగొచ్చేడా?" అన్నాడు అంజిబాబు.

"పూర్తిగా దిగలేదండి. మేడమెట్ల మీద నించుని, అక్కణ్ణుంచే కప్పు చాపేడు. నేను కిందున్నాను. పోసేను."

"కిందున్నవాడివి పైకెలా పోస్తావు?"

"పైకే పోసేనండి. ఆ కూజా ముక్కు వంపు అలాంటిది. ఒక్క చుక్క కింద పడితే ఒట్టు."

అంజిబాబు మెట్లవైపు చూసి, అరుగు ఎత్తు చూసి, ఇంక అడక్కుండా కాళ్ళు చాపుకున్నాడు.

"రాజుగారు కాఫీ తాగి మనసులో మాట చెప్పేడు. ఇనపస్తంభం ఊరిమధ్య నిలబడి ఇళ్ళలోకి తొంగిచూస్తుంటే బాగుండదు కదా అన్నాడు. న్యాయమేనండి, మీరైనా అదే అంటారు. తెల్లవాళ్ళు లెక్కలు చూపిస్తున్నారు, మీటర్లు చూపిస్తున్నారు. ఆయనకి లెక్క కాదు కావలసింది. నేను కూజా దించి, అయ్యా, దానికి ఆకులు కట్టి చెట్టు చేసేద్దాం, కొబ్బరిచెట్టు అన్నాను. ఖర్జూరమైతే ఒప్పుకుంటానన్నాడు. సరే, ఆయన దేశం, ఆయన చెట్టు, అక్కడ నేను తగ్గేను. తగ్గాలండి బేరంలో. ఖర్జూరపాకులు కట్టి నిలబెట్టేరు. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?"

ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తాడని అందరికీ తెలుసు.

"ఆ ఏడే కాపుకొచ్చింది."

"టవరు?" అన్నాడు అంజిబాబు.

"ఆయ్."

"గెలకెన్ని కాయలు?"

"లెక్క పెట్టనిచ్చేవారు కాదండి, గవర్నమెంటు చెట్టు."

"ఇనపచెట్టు కదా, కాయ బరువు తూగాలే."

"తూగేదండి. కాటా మొయ్యలేక ముల్లు ఒంగిపోయేది."

"పిందె రాల్లేదా?"

ఇది అడిగింది సూర్యకాంతం గారు. అరుగు మీదున్న అందరూ అటు తిరిగారు.  

"ఒక్క పిందె రాలితే నా పేరు మార్చుకుంటానండి. పక్కచెట్లు కూడా రెట్టింపు కాసేయి. అదీకాక ఆ కాయకొక గుణముందండి. ఒకటి నోట్లో వేసుకుంటే దూరాన్నున్న మనిషి మాట వినపడుద్ది. ఎవర్ని తలుచుకుంటే వాళ్ళది. శుక్రవారమే అని లేదు, ఎప్పుడైనా. బస్సుతో పనిలేదు. వంతెన మీద లారీ ఆగిపోయినా ఫర్లేదు. వాళ్ళక్కడ పిల్లాడికి అన్నం పెడుతూనే మాట్లాడతారు. పెద్ద మాటలేం ఉండవండి. ఏం తిన్నారంటారు. పప్పంటాం. అంతేనా అంటారు. అలాగ... ఊరికే..."

అక్కడికొచ్చేసరికి అతనికి కథ ఎటు తిప్పాలో తోచలేదు. ఇలా ఆగిపోవడం మేమెప్పుడూ చూళ్ళేదు.

అంజిబాబు దారి చూపించాడు. "ఇంతకీ రాజుగారు నీకేం ఇచ్చేడు?"

"మంత్రిని చేస్తానన్నాడండి!" శివనాగరాజు మళ్ళీ ఊపందుకున్నాడు. "నాకే ఊరి మీద బెంగ, వద్దని చెప్పి వచ్చేసేను."

"ఒరే నాగరాజూ," అంది సూర్యకాంతం గారు. "ఒకటడుగుతాను. ఆయన కప్పు ఊపేడన్నావు."

"ఆయ్."

"ఊపితే ఆపడం అక్కడి మర్యాదనీ నువ్వే అన్నావు."

"ఆయ్."

"మరెందుకు పోసేవు?"

"అదేంటండీ దొడ్డమ్మగారూ," అన్నాడు శివనాగరాజు తెల్లబోయి. "ఒకసారి చాలన్నారని ఆపేస్తామేంటండీ మనం?"

ఆ సాయంత్రం మొత్తమ్మీద అతను సాగదియ్యకుండా అన్న మాట అదొక్కటే. మా వైపు అతిథి చాలంటాడు, మనం వేస్తాం, అయ్యో అంటాడు, ఇంకొంచెం వేస్తాం, విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు, వేళ్ళ సందుల్లోంచి వేస్తాం. అప్పటిక్కానీ ఆ మనిషి భోంచేసినట్టు కాదు.

ఆవిడ గొంతు తగ్గించి అంది. "రాజుగారైతే మంత్రిని చేస్తానన్నాడు, బాగానే ఉంది. మామూలు పెద్దాయనైతే ఏమంటాడ్రా? నలుగురు పరాయివాళ్ళ ముందు, కప్పు ఊపిన తర్వాత కూడా పనివాడు పోస్తే? ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోస్తే? లేవండని చెప్పినా నా ఇంట్లో నా మాట సాగలేదే అనుకోడూ?"

శివనాగరాజు తన ఖాళీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"నాట్లకెళ్ళి కోతలకొచ్చేసేవు. ఇందుకా?"

వీధిలో కొబ్బరిపీచు బండి ఒకటి వెళ్తోంది. మేమంతా అది మలుపు తిరిగేదాకా దాన్నే చూశాం. అంజిబాబు నోట్లో ఒక మాట తయారుగా ఉన్నట్టే ఉంది. కానీ దాన్ని కాఫీతోపాటు మింగేశాడు. 

శివనాగరాజు జేబులోంచి ఫోను తీశాడు. అద్దం తుడిచాడు. ఎవరూ అడక్కుండానే "అయిదూ పదండి" అన్నాడు. అక్కడెంతయిందో చెప్పలేదు.

"అన్నపూర్ణా," అంది ఆవిడ లోపలికి, "వీడికి కాఫీ పొయ్యమ్మా."

అన్నపూర్ణ చెంబు పట్టుకొచ్చింది. శివనాగరాజు తలెత్తకుండా గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టాడు. "చాలండి."

"చెయ్యి తియ్యరా."

"తాగేనండి దొడ్డమ్మగారూ, చాలండి."

"ఒకసారి చాలన్నావని ఆపేస్తామేంట్రా మనం?"

అతను చెయ్యి తీశాడు. అన్నపూర్ణ గ్లాసు అంచుదాకా పోసింది. కొంచెం అతని వేళ్ళమీద కూడా పోసింది.

విజయకుమార్ తన గ్లాసు ఎప్పుడో ఖాళీచేసి పక్కన బోర్లించి పెట్టాడు. ఇప్పుడు దాన్ని తిరగేసి, రెండు చేతుల్తో పట్టుకుని ముందుకి చాపాడు. సూర్యకాంతం గారు కోడలి చేతిలోంచి చెంబు తీసుకుని తనే పోసింది. అతను తాగాడు. మళ్ళీ పోసింది. అదీ తాగాడు. టవరు మాట ఎత్తలేదు, తను తెచ్చిన కాగితాల సంచీ వైపు చూళ్ళేదు. 

చివరికి ఆవిడే అడిగింది. "ఏవండీ, ఖర్జూరాలు కాసినా కాయకపోయినా నాకు పట్టింపు లేదు. మీ టవరు పెడితే దాని మాట వీడి జేబులోకి వినపడుద్దా?"

"దాని" అంటే ఎవరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. విజయకుమార్ మేడమ్ అనడం మర్చిపోయాడు. "వినపడుతుందండి. ఏ రోజైనా, ఏ వేళైనా."

"అయితే గేటు తాళంచెవి అన్నపూర్ణ దగ్గరుంది, తీసుకోండి. తూర్పు వైపు చెట్ల మీద చెయ్యి వేసేరంటే ఊరుకోను, అవి మా ఆయన నాటినవి. నాగరాజూ, నువ్వు కూడా వెళ్ళి చూపించరా. ఆ గ్లాసు ముగించి వెళ్ళు."

శివనాగరాజు ఆ కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలింది.  తాళంచెవి అందుకుని విజయకుమార్ ముందర నడిచాడు, మెట్లు దిగుతూ జేబు ఒకసారి తడుముకున్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక అంజిబాబు సర్దుకుని కూర్చున్నాడు.

"దింపు సంగతి రేపు మాట్లాడుకుందామండి. ఈ టవరు గానీ కాపుకొచ్చిందంటే మాత్రం, కాయ ముందు నాకే అమ్మాలండి."

సూర్యకాంతం గారు ఖాళీ గ్లాసులు ఒకదాన్లో ఒకటి పెడుతూ అంది.

"చూద్దాంలే."